స్టీరింగు ఆడుతున్న పాత బండిని బయటికి తీయకండి

మాఘమాసం ముహూర్తాలు మొదలవుతున్నాయి. రథసప్తమి కూడా ఈ నెలలోనే. పలాస, కాశీబుగ్గ, టెక్కలి చుట్టుపక్కల, అటు మందస నుంచి కవిటి దాకా ఉద్దానం ఊళ్లలో ఏడాదంతా టార్పాలిన్ కప్పుకుని కొబ్బరిచెట్ల కింద ఉండే పాత అంబాసిడర్లు, జీపులు, ప్రీమియర్ పద్మినీలు ఇప్పుడే బయటికొస్తాయి. బ్యాటరీ మారుస్తారు. టైర్లకు గాలి కొట్టిస్తారు. కడిగి, తుడిచి, పాలిష్ పెట్టి, పెళ్లికొడుకు కోసం బంతిపూల దండలు కడతారు. స్టీరింగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే మాట: ‘ఏటవదు బాబూ, పాత బండి కదా, కొంచెం ఆడతాది. అలవాటైపోద్ది.’

అలవాటు చేసుకోకండి. స్టీరింగు చక్రం తిప్పినా ముందు టైరు వెంటనే కదలని బండి ఏదైనా సరే, ఎంత ముచ్చటైనదైనా సరే, బాగుచేయించేదాకా రోడ్డెక్కకూడదు. ఊళ్లోకైనా, హైవే మీదికైనా, పెళ్లి ఊరేగింపుకైనా ఇదే మాట.

స్టీరింగు ఆడటం పాత బండి స్వభావం అనే నమ్మకం ఎలా పాతుకుపోయిందో గానీ, అది పూర్తిగా తప్పు. అంబాసిడర్‌నే చూడండి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారు నమూనా తీసుకుని, హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు కోల్‌కతా పక్కన ఉత్తరపాడాలో 1950ల చివర్లో తయారీ మొదలుపెట్టారు. 2014 మే నెలలో ఆపేశారు. దానికి ఉన్నది రాక్ అండ్ పీనియన్ స్టీరింగు. ఇవాళ్టి కొత్త కార్లలో చాలావాటికి ఉన్నదీ అదే పద్ధతి. చక్రం తిప్పితే కడ్డీ చివరనున్న పళ్లచక్రం తిరుగుతుంది, అది పళ్లున్న రాక్‌ను పక్కకు నెడుతుంది, రాక్ రెండు కొసలనున్న టై రాడ్లు టైర్లను తిప్పుతాయి. మధ్యలో ఉన్న జాయింట్లే తక్కువ. అన్నీ బిగువుగా ఉంటే చక్రం రవ్వంత కదిలినా టైరుకు తెలుస్తుంది. ఎక్కడైనా ఖాళీ వచ్చిందంటే ఫలానా భాగం అరిగిందనో, ఫలానా బోల్టు వదులైందనో అర్థం. వయసు మీద నింద వేస్తే ఆ భాగం ఏదో వెతికే పని తప్పిపోతుంది. వెతక్కపోవడమే అసలు ప్రమాదం.

పాత మహీంద్రా జీపుల దారి వేరు. వాటికి స్టీరింగ్ బాక్సు ఉంటుంది. అందులోంచి డ్రాప్ ఆర్ము, దానికి డ్రాగ్ లింకు, అక్కణ్నించి టై రాడ్డు, కొసలకు బాల్ జాయింట్లు. ఇన్ని కీళ్లు ఉన్నాయి కాబట్టి ఒక్కోదాంట్లో వెంట్రుకవాసి ఖాళీ వచ్చినా, అన్నీ కలిసి చక్రం దగ్గర బెత్తెడు అయి కూర్చుంటాయి. జీపు ఉన్నవాళ్లకు ఇంకో సంగతి కూడా తెలుసు. గతుకులో పడగానే ముందు చక్రాలు రెండూ గడగడా వణికిపోవడం, స్టీరింగు చేతుల్లోంచి జారిపోయేంతగా బండి ఊగిపోవడం. కింగ్ పిన్ను బేరింగులు, బాల్ జాయింట్లు, స్ప్రింగు కమ్మల షాకిల్ బుష్షులు, వీటిలో ఒకటో రెండో పోయాయని బండి అరిచి చెప్పడమే అది. దానికి చాలామంది చేస్తున్న వైద్యం ఒక డ్యాంపర్ బిగించి వణుకు పైకి కనపడకుండా చేయడం. దాంతో జబ్బు లోపల ముదురుతుంది.

షెడ్డులో విప్పి పడేసిన ఒక పాత బాల్ జాయింటును చేతిలోకి తీసుకుని చూడండి. కొత్తదైతే పైనున్న కాడ వేళ్లతో కదపడానికి బలం పెట్టాలి. అరిగినదైతే దానంతటదే వాలిపోతుంది, ఊపితే లొడలొడమంటుంది. రబ్బరు తొడుగు చీలి ఉంటుంది. లోపల గ్రీజు నల్లగా కాకుండా తుప్పురంగులో ఉంటుంది. రెండు వేళ్ల మధ్య నలిపితే ఇసుక గరగరలాడుతుంది. గుండ్రంగా ఉండాల్సిన బంతి ఒకపక్క చదునైపోయి, దాన్ని పట్టి ఉంచాల్సిన గిన్నె అంచు పల్చబడి ఉంటుంది. ఆ అంచు ఇంకొంచెం అరిగితే కాడ బయటికి ఊడొస్తుంది. అప్పుడు ఆ వైపు చక్రానికీ మీ చేతిలో ఉన్న చక్రానికీ ఏ సంబంధమూ ఉండదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఏం జరిగిందో తెలిసేలోపే ఎదురు లారీ కిందికో, కల్వర్టు గోడ మీదికో పోయి ఉంటాం.

మన ప్రాంతంలో ఈ అరుగుదల మరీ తొందరగా జరుగుతుంది. ఉద్దానం నేలంతా ఇసుక. తోటల్లోకి వెళ్లే దారుల్లో టైరు లేపిన ఇసుక సరాసరి జాయింట్ల మీదే పడుతుంది. తొడుగు కాస్త చీలిందా, లోపలికి దూరి అరగదీయడం మొదలుపెడుతుంది. దానికి తోడు ఉప్పుగాలి. సముద్రానికి దగ్గరున్న వజ్రపుకొత్తూరు, బారువ, భావనపాడు వైపు ఇళ్లలో కిటికీ చువ్వలే ఎలా తుప్పు పడతాయో ఎవరికీ చెప్పనక్కర్లేదు. బండి అడుగున ఉన్న స్ప్లిట్ పిన్నులు, లాక్ నట్లు, క్లాంపు బోల్టులు చిన్న చిన్న ముక్కలు. వాటిలో సగం మందం తుప్పు తినేసినా పైకి బాగానే కనపడతాయి. సెలవు రోజుల్లో కుర్రాళ్లు బండిని తీరం మీద, అలల అంచున నడుపుతున్నారు. ఇంటికొచ్చాక అడుగుభాగం మంచినీళ్లతో కడిగేవాళ్లు ఎంతమంది? తుఫానుకు నీళ్లలో నిలిచిన బండ్ల సంగతీ అంతే. సీట్లు ఎండబెట్టి, ఇంజన్ ఆయిల్ మార్చి సరిపెట్టారు. స్టీరింగ్ బాక్సులోకో, రాక్ కొసలనున్న తొడుగుల్లోకో పోయిన నీళ్లు అక్కడే ఉండి లోపలి పళ్లను తింటున్నాయి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పాత అంబాసిడర్‌కూ పద్మినీకీ గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉంటుంది. ఆ హ్యాండ్ గేరు లింకులు అరిగి ఎప్పుడూ గలగలమంటూనే ఉంటాయి. ఆ చప్పుడు చెవికి అలవాటైపోయినవాళ్లకు దాని కింద నుంచి వచ్చే స్టీరింగు జాయింటు చప్పుడు వేరుగా వినపడదు. అందుకే చెవిని నమ్ముకోకుండా కంటితో చూడాలి, చేత్తో పట్టాలి.

దీనికి పెద్ద పనిముట్లు అక్కర్లేదు. బండిని చదునైన చోట ఆపి, ముందు చక్రాలు తిన్నగా ఉంచి, ఇంజన్ ఆపేయండి. జాకీ ఎత్తకండి. బరువు టైర్ల మీదే ఉండాలి. ఒకరు లోపల కూర్చుని చక్రాన్ని రెండు వేళ్లతో అటూ ఇటూ మెల్లగా ఊపాలి. ఇంకొకరు బయట టైరునే చూస్తుండాలి. టైరు కదలడం మొదలయ్యేలోపు చక్రం అంచు ఎంత దూరం ఉత్తినే తిరిగిందో చూడండి. అంబాసిడర్ లాంటి బండికి అంగుళం దాటిందంటే వెతకాల్సిందే. తర్వాత లోపలివారు అలా ఊపుతుండగానే, బయటివారు ముందు నుంచి వంగి ఒక్కో జాయింటు మీదా చెయ్యి పెట్టాలి. ఒక ముక్క కదిలి దాని పక్క ముక్క కదలకపోతే ఖాళీ అక్కడే ఉంది, చేతికే తెలిసిపోతుంది. రాక్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టుల దగ్గరా, స్టీరింగు కడ్డీ కిందికి కలిసే క్లాంపు దగ్గరా కూడా పట్టి చూడండి. జాయింట్లన్నీ మార్చి, ఈ బోల్టులు వదిలేసిన బండ్లు ఉన్నాయి.

ఆ తర్వాతే జాకీ. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరూ బండి కిందికి దూరకండి. గట్టి స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకు అడ్డు పెట్టండి. టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే, ఒకరిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే ఆట ఆగిపోతే వీల్ బేరింగు వదులు. అప్పటికీ ఆడుతుంటే చక్రాన్ని మోస్తూ తిరిగే పిన్నులో, బుష్షులో పోయాయి. ఇది చిన్న విషయం కాదు. గ్రీజు అందక అరిగిన ఆ భాగం పూర్తిగా వదిలేస్తే చక్రం బండి కిందికి ఒరిగిపోతుంది. అంబాసిడర్‌కైనా జీపుకైనా గ్రీజు నిపుళ్లు ఇచ్చింది అందుకే. పాత గ్రీజు బయటికి పొర్లేదాకా కొత్తది కొట్టాలి. నిపుల్ మూసుకుపోతే దాన్ని వదిలేయడం కాదు, మార్చాలి.

ఇప్పుడు అసలు కోపం వచ్చే సంగతి చెప్పాలి. రోడ్డు మీది బండ్లలో నాకు ఎక్కువ భయం కలిగించేవి బాగుచేయని బండ్లు కావు. తప్పుగా బాగుచేసినవి.

అన్నిటికంటే ఎక్కువగా జరుగుతున్నది స్టీరింగ్ బాక్సు మీది స్క్రూ బిగించడం. జీపు స్టీరింగు ఆడుతోందనగానే మేస్త్రీ చెయ్యి ముందు దానిమీదికే పోతుంది. రెండు చుట్లు తిప్పితే ఆట తగ్గినట్టే ఉంటుంది, ఓనరు డబ్బులిచ్చి వెళ్లిపోతాడు. కానీ బాక్సు లోపలి భాగాలు తిన్నగా పోయే మధ్యభాగంలోనే ఎక్కువ అరుగుతాయి. అక్కడి ఖాళీని స్క్రూతో మూసేస్తే, మలుపులో అరగని చోటికి వచ్చేసరికి పట్టేస్తుంది. మలుపు తిరిగాక చక్రం తనంతట తాను తిన్నగా రాదు. అరిగిన బాల్ జాయింట్లు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. వాటిని తెలియజేసే గుర్తు ఒక్కటే పోయింది. బాక్సు స్క్రూ ఆఖర్న ముట్టుకోవాల్సింది. ముందు లింకులన్నీ సరిచేసి, డ్రాగ్ లింకు విప్పి, చక్రం సరిగ్గా మధ్యలో ఉంచి, రెండు వైపులా చివరిదాకా ఎక్కడా పట్టకుండా తిరుగుతోందని చూసుకుని బిగించాలి.

రెండోది వెల్డింగు. టై రాడ్డు, డ్రాగ్ లింకు, స్టీరింగ్ ఆర్ము, బాల్ జాయింటు గిన్నె, వీటి మీద వెల్డింగు ఎక్కడ కనపడినా ఆ ముక్క తీసి పారేయాల్సిందే. ఇవి పోతపోసి వదిలేసిన ఇనప ముక్కలు కావు. వేడి చేసి, సమ్మెటదెబ్బలతో ఆకారం తెచ్చి, మళ్లీ వేడితో గట్టిపరిచిన ఉక్కు. వెల్డింగు మంట తగిలిన చోట ఆ గట్టిదనం చెదిరి, అతుకు పక్కనే పెళుసుబారుతుంది. వంగిన రాడ్డును ఎర్రగా కాల్చి సుత్తితో తిన్నగా చేసినా అంతే. గతుకుల్లో కొట్టుకుని కొట్టుకుని ఒక రోజు పగులు పాకుతుంది. అలాగే లొడలొడలాడే బాల్ జాయింటు అంచును సుత్తితో కొట్టి నొక్కేసి ‘టైటు చేశాం’ అనడం. అది బిగుసుకోవడం కాదు, ఊడిపోయే రోజును నాలుగు వారాలు దాచిపెట్టడం.

మూడోది చూడటానికి చాలా చిన్నది: స్ప్లిట్ పిన్ను. బాల్ జాయింటు నట్టుకు పైన గాళ్లు ఉంటాయి, కాడకు అడ్డంగా బెజ్జం ఉంటుంది. రెండూ కలిసిన చోట పిన్ను దూర్చి, కొసలు విడదీసి వంచాలి. నట్టు తిరక్కుండా ఆపేది అదొక్కటే. తీసిన పిన్ను మళ్లీ పెట్టకూడదు. కానీ దాని బదులు మేకు పెట్టిన బండ్లు, సైకిల్ చువ్వ ముక్క వంచి పెట్టిన బండ్లు, ఇనపతీగ చుట్టిన బండ్లు ఉన్నాయి. ఏమీ పెట్టనివీ ఉన్నాయి. గాడి బెజ్జానికి ఎదురుగా రాకపోతే నట్టును కాస్త వెనక్కి తిప్పి సరిపెడుతున్నారు. అలా వదలకూడదు, తర్వాతి గాడి వచ్చేదాకా బిగించాలి. రెండు రూపాయల పిన్ను కోసం పలాస బజారు దాకా వెళ్లడానికి బద్ధకిస్తే, ఆ బండిలో కూర్చున్న అందరి ప్రాణాలూ ఒక తుప్పు మేకు మీద ఉన్నట్టే.

సామాన్లు దొరకడం లేదని అంటారు. నిజమే, అంబాసిడర్ తయారీ ఆగి పదేళ్లు దాటింది. అందుకని వేరే బండి బాల్ జాయింటు తెచ్చి ఎక్కించకండి. కాడ టేపరుగా ఉంటుంది. ఆర్ములోని బెజ్జం కూడా అదే టేపరుతో ఉంటేనే చుట్టూ ఆనుతుంది. తేడా ఉంటే నట్టు ఎంత బిగించినా కాడ ఒక్క అంచు మీదే నిలబడి, ఊగి ఊగి బెజ్జాన్ని కూడా పాడుచేస్తుంది. సరైన ముక్క విశాఖలోనో, భువనేశ్వర్‌లోనో, కోల్‌కతాలోనో వెతికి తెప్పించండి. వారం పడితే వారం, నెల పడితే నెల. అప్పటిదాకా టార్పాలిన్ మళ్లీ కప్పండి. బాల్ జాయింటు వెల వందల్లోనే ఉంటుంది, పాలిష్‌కీ సీటు కవర్లకీ పెట్టే ఖర్చులో ఇది ఒక మూలకు రాదు. జాయింట్లు మార్చాక అలైన్‌మెంటు చేయించకుండా బండి తీసుకోవద్దు. కొత్త జాయింటు మరలు రాడ్డులోకి చాలినంత లోతు దిగాయా, లాక్ నట్టు బిగించారా అన్నది దగ్గరుండి చూడండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి పానా పెట్టి చూపించండి.

జీపులకు బయటికి పొడుచుకొచ్చే రిమ్ములు, వెడల్పు టైర్లు వేయించే కుర్రాళ్లకూ ఒక మాట. చక్రం బయటికి జరిగినకొద్దీ గతుకు దెబ్బ ప్రతి జాయింటు మీదా ఎక్కువ బలంతో పడుతుంది. బండి తయారైన నాటి కొలతలకు చేసిన జాయింట్లు అవి. మీ సరదాను అవి మోయలేవు.

చట్టం ఏమంటోందో కూడా తెలుసుకోవాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 98వ నిబంధన స్టీరింగు గురించే ఉంది. చక్రంలో ఖాళీ 30 డిగ్రీలు మించకూడదు, బాల్ జాయింట్లకు రబ్బరు తొడుగులు ఉండాలి, బోల్టులూ పిన్నులూ ఊడకుండా లాక్ చేసి ఉండాలి. గడియారం ముల్లు పన్నెండు నుంచి ఒంటిగంటకు జరిగినంత దూరం, అదీ 30 డిగ్రీలు. ఇది ఆఖరి హద్దు మాత్రమే. పెద్ద చక్రం ఉన్న అంబాసిడర్‌లో నాలుగంగుళాల వరకూ వస్తుంది, అంత ఆడే అంబాసిడర్‌ను నేనైతే వీధి చివరికి కూడా నడపనివ్వను. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ ప్రకారం, బండిలో ప్రమాదకరమైన లోపం ఉందని తెలిసి నడిపినవారిదే కాదు, మామూలు జాగ్రత్తతో చూస్తే తెలిసిపోయే లోపాన్ని చూడకుండా నడిపినవారిదీ తప్పే. నడపనిచ్చిన ఓనరుదీ తప్పే. ‘నాకు తెలీదు’ అంటే చెల్లదు.

వింటేజ్ బండి అని చెప్పుకునేవాళ్లు 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనలు చూసుకోవాలి. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికే ఆ గుర్తింపు. అలా రిజిస్టరైన బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ తీయవచ్చు గానీ రోజువారీ ప్రయాణాలకో అద్దెకో తిప్పకూడదు. మిగతా సొంత కార్లకు 15 ఏళ్ల తర్వాత అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగిస్తారు. అంటే పరీక్షకూ పరీక్షకూ మధ్య అయిదేళ్లు ఎవరూ ఆ బండి కిందికి తొంగిచూడరు. ఇసుకా ఉప్పుగాలీ కలిసి ఒక జాయింటును తినేయడానికి అందులో పదోవంతు కాలం చాలు.

పెళ్లి ఊరేగింపులో బండి నడిచేంత వేగంతోనే పోతుంది కదా అనుకోవద్దు. బండికి అడుగు దూరంలో పిల్లలు ఎగురుతుంటారు, బాజాల వాళ్లు వెనక్కి నడుస్తుంటారు. ఆగి ఉన్న చోట చక్రం బలంగా తిప్పినప్పుడే జాయింట్ల మీద అన్నిటికన్నా ఎక్కువ భారం పడుతుంది. ఆ ఊరేగింపయ్యాక అదే బండిలో ఏడెనిమిది మంది ఇరుక్కుని 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతారు. టెక్కలి నుంచి శ్రీకాకుళం దాదాపు 50 కిలోమీటర్లు, పలాస నుంచి ఇంకా ఎక్కువ. పక్కన గ్రానైట్ దిమ్మెలు కట్టిన ట్రైలర్లు పోతుంటాయి.

పెళ్లివాళ్ల కంటే కూడా నేను దిగులుపడేది ఇంకొకరి గురించి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మీద బతుకుతున్నవారు వారానికి రెండు మూడుసార్లు ప్రయాణం చేయక తప్పదు. సోంపేట, కవిటి కేంద్రాలకో, 2023 డిసెంబరులో ప్రారంభమైన పలాస కిడ్నీ ఆస్పత్రికో తెల్లవారకముందే బయల్దేరతారు. నాలుగు గంటలు మిషను మీద ఉండి, నీరసంతో ఒరిగిపోయి తిరిగొస్తారు. ఊళ్లో దొరికిన బండి ఏదైతే అదే ఎక్కుతారు, ఏరుకునే వీలు లేదు. ఆ బండి పాతదే అయితే, దాని స్టీరింగు చూసే బాధ్యత రోగి మీద వేయలేం. ఓనరుదే, నడిపేవాడిదే. రోగులను తీసుకెళ్లే బండికి నెలకోసారి జాయింట్లు చూపించి గ్రీజు కొట్టించండి. ఇది దయతో చేసే పని కాదు, డబ్బు తీసుకున్నందుకు చేయాల్సిన పని.

రవాణా శాఖ వాళ్లు కాగితాలు చూడటంతో ఆగవద్దు. రథసప్తమి ముందు వారం మడపాం టోల్‌గేటు దగ్గరా, కాశీబుగ్గ, టెక్కలి కూడళ్లలోనూ పాత బండ్లను ఆపి చక్రం ఊపి చూడండి. ఒక్కో బండికి రెండు నిమిషాలు పట్టదు. జరిమానా రాసి పంపేయడం కాదు, ప్రమాదకరంగా ఉన్నదాన్ని అక్కడే ఆపేయండి. యాక్సిడెంటు జరిగిన పాత బండిని నుజ్జయిన రేకుతో సహా తూకానికి అమ్మేసేలోపు, టై రాడ్లు ఏ స్థితిలో ఉన్నాయో, పగులు పాతదో కొత్తదో రాసిపెట్టండి. అది రాయకపోవడం వల్లే ప్రతిసారీ తప్పు చనిపోయిన డ్రైవరు మీదికి పోతోంది.

నడిపేవారు ఒకటి గుర్తుంచుకోండి. పోతుండగా చక్రం ఉన్నట్టుండి తేలికైపోయినా, బండి ఒకపక్కకే లాగేస్తున్నా ఎక్సలేటర్ మీంచి కాలు తీసేయండి. బ్రేకు ఒక్కసారిగా కుమ్మకండి, మెల్లగా వేస్తూ హారను మోగిస్తూ పక్కకు ఆపండి. ఆపాక ‘ఇంటిదాకా పోదాం’ అని మళ్లీ స్టార్ట్ చేయకండి. లాగించుకుపోవాల్సి వచ్చినా ముందు చక్రాలు నేల మీద లేకుండా ఎత్తి తీసుకెళ్లండి.

బండి అద్దెకు మాట్లాడుకునేవాళ్లు ఏసీ ఉందా, పాటలు వస్తాయా అని అడిగే ముందు, ‘అన్నా, ఓసారి స్టీరింగు ఊపి చూపించు’ అనండి. టైరు దగ్గర మీరు నిలబడండి. చూపించనంటే ఆ బండి వద్దు. పలాసలోనూ టెక్కలిలోనూ ఆర్టీసీ డిపోలు ఉన్నాయి. పలాస స్టేషన్లో రైలెక్కి శ్రీకాకుళం రోడ్డులో దిగితే అక్కణ్నించి రథసప్తమికి అరసవల్లి సూర్యదేవాలయానికి వెళ్లేవాళ్లకు బస్సులు, ఆటోలు దొరుకుతాయి.